బంద్ రోజు లాగిన్

"ఈ మెయిల్ నువ్వే పంపావా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు," అన్నారు హెచ్.ఆర్. మేనేజర్ భీమేశ్వరరావు గారు.

ఏం చెప్పినా ఎవరో ఒకరి కొంప మునుగుతుంది.

టేబుల్ మీద ప్రింటవుట్ ఉంది. 'ఆంధ్రావాళ్ళంతా సామాన్లు సర్దుకోండి. మీ సీట్లు మాకు కావాలి.' కింద నా పేరు, మొగిలి. నిన్న రైల్ రోకో నాడు పదకొండున్నరకి మా హైదరాబాద్ ఆఫీసులో నాలుగు వందల మందికీ వెళ్ళింది.

"నాలుగింటిలోగా సంజాయిషీ రాసివ్వు. లేదా ఐడీ కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళిపో," అన్నారాయన.

నిజానికి నిన్న పదకొండున్నరకి నేను కాజీపేటలో పట్టాల మీద కూర్చుని ఉన్నాను. ఆ మాట చెబితే నేను బయటపడతాను. కానీ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. మరి నీ హాజరు ఎలా పడింది?

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక మా టీమ్ ఒక అలవాటు చేసుకుంది. బంద్ రోజున బస్సులుండవు. అందుకని ఆఫీసుకి నడిచి రాగలిగినవాళ్ళే మిగతా అందరి లాగిన్లూ వేసేస్తారు. అందరి పాస్‌వర్డ్‌లూ ఒకే కాగితం మీద రాసి పెట్టుకున్నాం. ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పట్లో దాన్నే స్నేహం అనుకున్నాం. ఆ కాగితం ఆఫీసుకి దగ్గర్లోనే కొండాపూర్ హాస్టల్లో ఉండే మా టీమ్ అమ్మాయి ఉమాశ్రీ దగ్గర ఉంటుంది.

ఉమాశ్రీది తణుకు. నేను చేరిన మొదటి రోజే "ఏయ్, జర జరుగు" అని ఏకవచనంలో అన్నందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారంలోనే నా పని అయిపోయింది. ఎనిమిది నెలలుగా ఆమె అంటే చచ్చేంత ఇష్టం. చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

నేను గది బయటికి వచ్చేసరికి ఉమాశ్రీ కాఫీ మెషిన్ పక్కన నిలబడి ఉంది. అద్దాల అవతల వాన దంచి కొడుతోంది.

"నా పేరు చెప్పారా?" అంది.

"చెప్పలే."

"ఎందుకు చెప్పలేదండీ?"

"ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడితే ఇద్దరి నౌకరీలు పోతయి. నేనే పంపిన అని రాసిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

"మీరు పంపలేదు కదా."

"నీకెర్కనే గదా, చాలు."

"నాకు తెలిస్తే సరిపోతుందా? నాలుగొందల మంది మిమ్మల్ని అలాంటి మనిషే అనుకుంటారు." గొంతు తగ్గించింది. "కాగితం నా దగ్గరే ఉంది కదా. నా మీద అనుమానం రాలేదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "ఒక్క నిమిషం వచ్చింది. గంతే."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఆ నిమిషం మాత్రం ఎందుకు రావాలి?" అంటూ గిరుక్కున తిరిగి హెచ్.ఆర్. గది తలుపు తోసింది.

"ఉమాశ్రీ, పోవద్దు," అంటూ వెనకే పరిగెత్తాను. అప్పటికే మాట్లాడేస్తోంది.

"సార్, నిన్న మొగిలి గారు ఆఫీసులో లేరు. ఆయన లాగిన్ వేసింది నేను. పాస్‌వర్డ్‌ల కాగితం టేబుల్ మీద వదిలేసి టీకి వెళ్ళాను. ఆ తప్పు నాది. కానీ ఆ మెయిల్‌ని పాస్‌వర్డ్ ఉంటే ఏ సిస్టమ్ నుంచైనా పంపొచ్చండి. అందరూ కింద పేరు చూశారు. ఎక్కణ్ణుంచి వెళ్ళిందో ఎవరూ చూడలేదు."

భీమేశ్వరరావు గారు ఫోన్ తీసి, ఆ మెయిల్ ఏ సిస్టమ్ నుంచి వెళ్ళిందో చూసి చెప్పమని కంప్యూటర్ విభాగం వాళ్ళని అడిగారు. జవాబు వచ్చేదాకా, ఆ ఐదు నిమిషాలూ ఆమె నా వైపు చూడలేదు.

మెయిల్ వెళ్ళింది మా వెనక వరసలో కూర్చునే రవికిరణ్ సిస్టమ్ నుంచి. పిలిపిస్తే తల దించుకుని, "బంద్ రోజు బోర్ కొట్టి, టేబుల్ మీద కాగితం కనిపిస్తే సరదాకి పంపాను సార్," అన్నాడు. వాడి సరదా తగలెయ్య.

వాణ్ణి బయట కూర్చోబెట్టి మేనేజర్ మా వైపు తిరిగారు. "మీ ఉద్యోగాలు ఉంటాయి. వార్నింగ్ లెటర్లు మాత్రం తప్పవు. ఇంటి తాళంచెవి వీధిలో పెట్టి వెళ్తారా ఎవరైనా? మొగిలీ, ఈ అమ్మాయి పేరు ఇందాక నా దగ్గర దాచావు. ఎందుకో రాసివ్వు. తను చదివి కింద సంతకం పెట్టాలి."

కాగితం ముందు పెట్టారు. తేదీ వేశాను. ఇంగ్లిష్‌లో ఒక్క మాట తోచలేదు.

"తెలుగుల రాయొచ్చా సార్?"

"ఏదో ఒకటి రాయవయ్యా."

రాశాను. 'ఉమాశ్రీ అంటే నాకు ప్రాణం. అందుకే చెప్పలేదు.'

ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు. "ఇది ఫైల్లోకి వెళ్తుంది. ఎవరెవరో చదువుతారు. మార్చి రాస్తావా?"

"వద్దు సార్. గిన్ని రోజులు దాచుడు చాలు."

కాగితం ఉమాశ్రీ ముందుకి జరిపారు. చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఇప్పుడు ఉద్యోగం పోయినా బాధలేదు గానీ ఆమె లేచి వెళ్ళిపోతే ఏం చెయ్యాలో తెలియలేదు.

పెన్ను తీసుకుంది. నా వాక్యం కింద నిదానంగా రాసి, సంతకం పెట్టి, మేనేజర్‌కి ఇవ్వకుండా కాగితం నా వైపు తిప్పింది.

'నాకూ అంతే. దయచేసి ఈ కాగితం ఇంకెవరికీ చూపించవద్దు.'