గాజు వెనక ఫ్రెంచి ఎద్దు

బయట గడియ పడి రెండు గంటలైంది. ఫ్రేములు కట్టే ఖాజా ఆ గదిలో స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. పెందుర్తిలో గురునాథరావు ఇంటి గోడల నిండా పాత ఫ్రెంచి బొమ్మలే. రాగి రేకు మీద చెక్కి అచ్చు తీసిన గుర్రాలు, కుక్కలు, గొర్రెలు కాసే పడుచుల రంగుల చిత్రాలు. ముప్పై ఏళ్లుగా వాటన్నిటికీ ఫ్రేములు కట్టింది ఖాజానే. ఇవాళ అవే అతన్ని దొంగని చూసినట్టు చూస్తున్నాయి. సాయంత్రం పోలీసులు తీసుకుపోతే తన కొట్టున్న వన్‌టౌన్‌లో ఇంకెవరూ అతని చేతికి పటం ఇవ్వరు.

గడియ తీసిన చప్పుడైంది. ఖాజా కూతురు ఖుష్నుమా, వెనకే ఆమె పిలుచుకొచ్చిన ప్రైవేట్ డిటెక్టివ్ హేమశ్రీ, హేమశ్రీ అసిస్టెంట్ వీరన్న లోపలికొచ్చారు.

"మా మేడమ్ వచ్చేరు కదా, బెంగెట్టుకోకు బావా," అన్నాడు వీరన్న.

గుమ్మంలో నిలబడ్డ గురునాథరావు కుడిచేతికి పిండికట్టు ఉంది. నెల్లాళ్ల కింద మెట్ల మీద పడ్డాడట.

"ఏటమ్మా సూత్తారు? బల్ల మీద ఆ ఎద్దు బొమ్మ నకిలీది. అసలుదానికి చుట్టూ రేకు నొక్కిన పల్లం ఉంటాది. పొద్దున్న టార్చి ఏటవాలుగా వేసి చూస్తే పల్లం లేదు. రెండు నెలల కింద ఆగస్టులో గాజు మార్చడానికి పటం విప్పింది ఈయనొక్కడే."

"నకిలీదని తెలిశాక వెనక విప్పి చూశారా?"

"లేదు. పోలీసులొచ్చేదాకా ముట్టొద్దన్నారు. ఈ గది తాళాలు రెండు. ఒకటి నాది, రెండోది మా మేనల్లుడు సాయిశంకర్‌ది. ఉండండి, వాణ్ణి పిలుస్తాను."

ఆయన అటు వెళ్లగానే హేమశ్రీ గొంతు తగ్గించింది. "పటం వెనక ఏం వేస్తారు ఖాజా గారూ?"

"సెమ్మ పీల్చడానికి ఏ రోజు కడితే ఆ రోజు పేపరేత్తానమ్మా. ఆగస్టులో ఇది కట్టిన రోజు వానకి పేపర్లన్నీ తడిసిపోతే కేలండరు కాయితం సింపి ఏసేను. సాయంత్రానికే పటం తెచ్చి ఇచ్చీసేను."

ఇంతలో సాయిశంకర్ వచ్చాడు. ఆటోనగర్‌లో అతనికి ప్రింటింగ్ ప్రెస్సుంది.

"ఇంకా అడగడమేటి మేడమ్? ఆయనేసిన కేలండరు కాయితం కూడా వెనక అలాగే ఉంది. ఆయన తరవాత ఎవరూ విప్పలేదనేగా?"

ఖాజాకి భయంతో ఆ మాట తలకెక్కలేదు. వీరన్న మాత్రం నోటు పుస్తకంలోంచి తలెత్తి మేడమ్ వైపు చూశాడు.

హేమశ్రీ అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, పోలీసులకి తను చెప్పుకుంటానని గురునాథరావుని ఒప్పించి, వీరన్న చేత మేకులు తీయించింది. చెక్క కింద జూలై నెల కేలండరు కాగితం ఉంది. దాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. నున్నటి కాగితం మీద నలుచదరపు అచ్చు దిగింది, దాని మధ్య ఎద్దు వీపు వంపు కూడా తెలుస్తోంది.

"ఇది అసలు బొమ్మ నొక్కు, నకిలీదానికి పల్లమే లేదు కదా. ఒక పూటలో పడేది కాదు, వానాకాలం చెమ్మలో నెలకి పైగా అంటిపెట్టుకుని ఉంటేనే పడుతుంది. అంటే ఖాజా గారు పటం ఇచ్చేశాక కూడా అసలు బొమ్మ ఈ ఇంట్లోనే ఉంది. తరవాత ఎవరో మార్చి, నేరం ఆయన మీదకి పోవాలని ఆయన కాగితాన్నే మళ్లీ పెట్టారు. నెల్లాళ్లుగా పిండికట్టులో ఉన్న చేత్తో గురునాథరావు గారు ఇంత సన్న మేకులు కొట్టలేరు. ఇక సాయిశంకర్ గారూ, విప్పని పటం వెనక కేలండరు ఉందని మీకెలా తెలుసు?"

సాయిశంకర్ తల దించుకుని కారు తాళం బల్ల మీద పెట్టాడు. "డిక్కీలో ఉంది మావయ్యా. నకిలీది నా ప్రెస్సులోనే వేసేను. హైదరాబాదులో ఒకాయన అసలుది కొంటానన్నాడు."

వీరన్న వెళ్లి ఎద్దు బొమ్మ తెచ్చాడు. గురునాథరావు దాన్ని ఎడమచేత్తో తడిమి చూసి చాలాసేపు ఖాజా ముఖంలోకి చూడలేకపోయాడు.

"తప్పు నాది ఖాజా. ముప్పై ఏళ్లుగా ఎరిగిన మనిషిని గదిలో పెట్టి గడియేసేను. దీన్ని మళ్లీ నువ్వే కట్టాలి."

ఖాజాకి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగుకుని సుత్తి అందుకున్నాడు.

"ఇయ్యాల్టి పేపరు ఇప్పించండి బాబూ," అన్నాడు. "తలుపు మాత్రం తీసే ఉంచండి."