నాలుగో వంతు గులకరాళ్ళు

సోమవారం ఉదయం డిటెక్టివ్ ఆఫీసు తాళం తీయడానికి వచ్చిన అసిస్టెంటుకి మెట్ల మీద ఒకావిడ కూర్చుని కనిపించింది. పక్కన బకెట్టు, అందులో చుట్టచుట్టిన ప్లాస్టిక్ గొట్టం. ఇల్లు తుడిచే మనిషేమో అనుకున్నాడు. కాదు, పన్నెండు ఇళ్ళలో అక్వేరియంలు చూసుకునే మనిషి. ఆ పన్నెండిళ్ళూ సాయంత్రానికి చేజారిపోయేలా ఉన్నాయని చెప్పింది.

రిటైర్డ్ జడ్జిగారింట్లో తొమ్మిది చేపలు నిన్న మధ్యాహ్నం చచ్చి తేలాయి. ఈమె ఇసుకతో పాటు ఏదో మందు కలిపిందని జడ్జిగారు తీర్పు చెప్పేశారు. సాయంత్రం ఆరింటికి కాలనీ మొత్తానికి ఫోన్లు చేస్తానన్నారు. ఆయన మాట కాదనే ఇల్లు ఆ కాలనీలో లేదు.

ఆ తొట్టిలో పాత గులకరాళ్ళు తీసి సన్న ఇసుక పరిచే పని మూడు వారాల క్రితం పెట్టుకుందట.

"మొత్తం ఒక్కసారే మార్చకూడదండీ. చేపల మురికిని హరించే సూక్ష్మజీవులు ఆ పాత రాళ్ళనే పట్టుకుని బతుకుతాయి. అందుకే నాలుగు వంతులు చేసుకుని, వారానికో వంతు మారుస్తున్నాను. మూడయ్యాయి. ఈరోజు నాలుగోది, కుడి మూల."

"ఆ మూలని చివరికెందుకు ఉంచారు?" అన్నాడు డిటెక్టివ్. మనిషి సన్నం, మాట సూటి అని ఊళ్ళో అతన్ని గుండుసూది అంటారు.

"అక్కడ రాళ్ళు జానెడెత్తు ఉన్నాయండీ. పైన పెద్ద రాయొకటి. ఏళ్ళ తరబడి ఎవరూ కదపలేదు. అడుగున నల్లటి మురుగు పేరుకుంటుంది. ఒక్కసారిగా కెలికితే దాన్లోంచి విషవాయువు లేస్తుంది. నేనైతే గొట్టంతో కొంచెం కొంచెం లాగేస్తాను. ఇదంతా ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. వచ్చే వారం ఈ మూల ఖాళీ చేస్తానని మాత్రం పోయిన సోమవారం చెప్పి వచ్చాను."

జడ్జిగారికి డిటెక్టివులంటే గిట్టదు. కాదంటే జంకారనుకుంటారని లోపలికి రానిచ్చారు. హాల్లో ఇంకా కుళ్ళిన గుడ్ల వాసన. గుండుసూది ముక్కు మూసుకోలేదు సరికదా, తొట్టి దగ్గరికి వెళ్ళి వాసన పీల్చాడు. మూడు వంతులు తెల్లటి ఇసుక, కుడి మూల గోధుమరంగు రాళ్ళు, వాటిమీద ఆ పెద్ద రాయి. రాయి కిటికీవైపు నున్నగా ఉంది, గోడవైపు పచ్చటి నాచు పట్టి ఉంది. "చూశావా?" అన్నాడు. అసిస్టెంటు చూశాడు, నోటుబుక్కులో రాసుకున్నాడు, ఒక్క ముక్కా అర్థం కాలేదు. తన గురువుకి అర్థమయ్యే ఉంటుందని మాత్రం ధీమాగా ఉన్నాడు.

నిన్న జడ్జిగారు, భార్య బంధువులింటికి భోజనానికి వెళ్ళారు. ఇంట్లో ఉన్నది కోడలు, బావమరిది. అసిస్టెంటుకి కోడలి మీదే అనుమానం. ఆ తొట్టి అంటే తనకి మొదట్నించీ చిరాకేనని ఆమె దాచుకోకుండా చెప్పింది. పడుకుని లేచి కిందికొచ్చేసరికే చేపలు తేలి ఉన్నాయట. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది.

"ఈ ఇంట్లో ఏం జరిగినా పనివాళ్ళ మీదికే పోతుందండీ. పోయినేడు మా అత్తయ్య రవ్వల దుద్దులు పోతే వంటావిడ సంచీ అందరి ముందూ బోర్లించారు. ఇల్లంతా వెతికారు. దుద్దులు దొరకలేదు, వంటావిడ పని మాత్రం పోయింది."

బావమరిది రెండేళ్ళుగా అక్కగారింట్లోనే ఉంటున్నాడు. మర్యాదస్తుడు, తనే కుర్చీలు లాగి వేశాడు. నిన్న తలనొప్పితో గదిలోంచి కదల్లేదన్నాడు. అతని కుడిచేతి వేలికి నల్లటి ఉంగరం ఉంది. ఇనుపదా అని గుండుసూది అడిగితే, "ఆఁ, ఏదో పాతది లెండి" అని నవ్వాడు.

సాయంత్రం ఐదింటికి అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు గుండుసూది. జడ్జిగారు గడియారం వైపు చూస్తున్నారు. అక్వేరియం ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాచు వెలుతురున్న వైపు పడుతుంది. ఈ రాయికి గోడవైపు ఉంది. అంటే రాయిని ఎవరో ఎత్తి, కంగారులో తిప్పి పెట్టారు. కింద అడుగుదాకా తవ్వారు. ఏళ్ళనాటి మురుగు లేచి చేపల్ని చంపింది. ఈమెకి తవ్వాల్సిన అవసరమేముంది? ఇవాళ తీయబోయే మూలే కదా. ఈమె తీసేలోపు తీసుకోవాల్సింది ఎవరికో ఉంది. వారానికో వంతు చొప్పున ఇసుక ఆ మూలకి దగ్గరపడుతుంటే వాళ్ళకి ఊపిరాడలేదు."

గుండుసూది జడ్జిగారి భార్యవైపు తిరిగాడు.

"అమ్మగారూ, ఆ మురుగు తగిలితే ఇనుము సంగతి ఎలా ఉన్నా, వెండి నిమిషాల్లో నల్లబడుతుంది. మీ తమ్ముడి ఉంగరం దేనితో చేసింది?"

ఆవిడ తమ్ముడి చేతివైపు చాలాసేపు చూసింది. "వెండిది. నేనే చేయించి ఇచ్చాను. మొన్నటిదాకా తెల్లగానే ఉంది" అంది.

అతను చెయ్యి జేబులో పెట్టుకోబోయి మానేశాడు. "పోయినేడు ఇల్లంతా వెతుకుతుంటే ఆ రాళ్ళ సందులోకి జారవిడిచాను, అడుక్కి దిగిపోయాయి. ఇప్పుడు నా షేవింగు డబ్బాలో ఉన్నాయక్కా, నీ దుద్దులు" అన్నాడు, నేలవైపు చూస్తూ.

తెచ్చుకోవడానికి ఎవరూ లేవలేదు. జడ్జిగారు మాత్రం లేచి గుమ్మం దాకా వెళ్ళారు. "తప్పు నాదమ్మా. ఎవరికీ ఫోన్లు చెయ్యను" అన్నారు. ఆ మాట ఆయనకి అలవాటు లేదని వినేవాళ్ళకి తెలుస్తూనే ఉంది. అక్వేరియం ఆవిడ తలూపి కళ్ళు తుడుచుకుంది. అసిస్టెంటుకి కూడా కళ్ళు చెమర్చాయి, కోడల్ని అనుమానించినందుకు సిగ్గూ వేసింది.

"వంటావిడ సంచీ బోర్లించింది నేనే. ఇప్పుడే వెళ్దాం, కారు తియ్యండి" అంది జడ్జిగారి భార్య.

"ఎక్కడికి?" అన్నారు జడ్జిగారు.

ఆవిడ కోడలివైపు చూసింది. కోడలు తల దించుకుంది. తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో వండిపెట్టిన మనిషి ఏ వీధిలో ఉండేదో అక్కడ ఒక్కరికీ తెలియదు.

"నేను కనుక్కుంటానండీ. పన్నెండిళ్ళకి తిరుగుతాను కదా, ఏదో ఒక వంటింట్లో తెలుస్తుంది" అంది అక్వేరియం ఆవిడ, బకెట్టు చేతిలోకి తీసుకుంటూ. "కానీ మీరప్పుడే రాకండి. ముందు నేను వెళ్ళి అడుగుతాను, మిమ్మల్ని గుమ్మం ఎక్కనిస్తుందో లేదో."