ఎర్ర బటన్ నొక్కొద్దు

పొద్దున్నే గూఢచారి శాఖ చీఫ్ పిలిచి అసైన్‌మెంట్ చెప్పేసరికి చిట్టి హడలిపోయాడు. ఆరడుగుల మనిషికి ఆ కోడ్‌నేమ్ ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, భయపడేటప్పుడు మాత్రం అతికినట్టు సరిపోయేది.

విదేశీ ముఠా ఒకటి నగరం తాగే నీళ్లలో కలపడానికి విషం సీసా తెప్పించింది. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ ఆ సీసా కాజేసింది. చిట్టి టాక్సీ డ్రైవర్ వేషంలో వెళ్లి ఆవిణ్ణి, సీసాని కొండమీది మిలిటరీ గేటు దాటించాలి. ఆవిడ నిజంగా ఎవరి మనిషో తానూ ఒట్టేసి చెప్పలేనన్నాడు చీఫ్.

"కంగారుపడకు. నీ కారుకి ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ బిగించాం. ఎర్ర బటన్ నొక్కావంటే యాభై హార్స్‌పవర్ ఎక్స్‌ట్రా."

మధ్యాహ్నం కుండపోత వాన. పెట్రోల్ బంకు దగ్గర కోడ్‌వర్డ్ చెప్పి, సెంటు ఘుమఘుమలతో, చేతిలో సీసాతో ముందు సీట్లోకి ఎక్కిందావిడ. కొండ ఎక్కడం మొదలెట్టారో లేదో, అద్దంలో నల్లకారు కనిపించింది. మరుక్షణం తూటా తగిలి వెనకద్దం భళ్లున పగిలింది. ఇంటి దగ్గర పాకుతున్న పాప గుర్తొచ్చి చిట్టికి ఏడుపొచ్చినంత పనైంది. చెయ్యి బటన్ మీదికి పోయింది. ఆవిడ మణికట్టు పట్టేసుకుంది.

"నొక్కొద్దు."

"చస్తామండీ!"

"నొక్కితేనే చస్తాం. ఇంజిన్లోకి గాలి కుక్కితే పవర్ పెరిగే మాట నిజమే. దానికి బోలెడు కరెంటు కావాలి. పెద్ద కంపెనీలు అందుకోసం వేరే బ్యాటరీలే పెడతాయి. మన బ్యాటరీకి అంత సీను లేదు. ఈ డబ్బాలో ఉన్నది తల ఆరబెట్టుకునే ఫ్యాను. వచ్చే గాలికి కూడా అదే అడ్డం."

"మీకెలా తెలుసు?"

"మీ వాళ్లకి అంటగట్టింది నేనే కాబట్టి. మీరు బిగించారని తెలిస్తేనేగా ముఠావాళ్లు నమ్మి తమ కారుకీ ఇదే బిగించుకునేది. షెడ్డులో నిలబెట్టి పరీక్షించి, ఆ మోత విని మురిసిపోయారు. కొండ మాత్రం ఎక్కించి చూడలేదు."

తనని పట్టించడానికే ఈ కథ చెబుతోందా? నల్లకారు ముక్కు బంపర్‌కి తగిలేంత దగ్గరకొచ్చింది. ఏమైతే అదైందని చేతిని స్టీరింగ్ మీదికే తెచ్చుకున్నాడు.

వెనకనుంచి కీచుమని ఈల వినిపించింది. వాళ్లు బటన్ నొక్కారు! చిట్టికి పైప్రాణాలు పైనే పోయాయి. అయితే నల్లకారు ముందుకు దూకలేదు. ఆయాసపడింది, వైపర్లు ఈడుస్తూ నెమ్మదించాయి, కారు మూరెడు మూరెడు వెనకబడింది. ఎదురుగా మిలిటరీ గేటు వచ్చేసింది, తరుముకొస్తున్న కారుని చూసి జవాన్లు అప్పటికే దాన్ని దించేస్తున్నారు. చిట్టి కారు దాని కింద టాపు గీసుకుంటూ దూరిపోయింది. నల్లకారు బయటే ఆగింది, జవాన్లు చుట్టుముట్టారు.

సీసా భద్రంగా ఆవిడ ఒళ్లోనే ఉంది. చిట్టి కిందికి దిగుతుంటే ఆవిడే చెయ్యందించింది. ఇంతలో వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు ఉత్సాహంగా పలికింది, సూపర్‌చార్జర్ పనిచేసిందా అని.

"బ్రహ్మాండంగా పనిచేసింది సార్," అన్నాడు చిట్టి. "వాళ్ల కారులో."