డ్రైవర్ దొరికాడండి

రావులపాలెం అరటి మార్కెట్‌లో వేలం మొదలుకాకముందే చినబాబు చచ్చిపడి ఉన్నాడు. పక్కన గెలల గుట్ట, మెడ మీద సూదిమొనంత గాయం. కమీషన్ వ్యాపారి వేషంలో ఏడాదిగా అక్కడ తిరుగుతున్న సీక్రెట్ ఏజెంట్ అతను. ఆ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురంటే ముగ్గురే.

"ఒకరు నేను. రెండోవారు మీరు. మూడో మనిషి సూర్యకళ," అన్నారు డైరెక్టర్ రత్నమాణిక్యం గారు. కాకినాడలో ఆవిడది పైకి టైప్ ఇన్‌స్టిట్యూట్, లోపల ఇంటెలిజెన్స్ ఆఫీసు.

ఆ 'మీరు' ఏజెంట్ సత్యప్రసాద్. చినబాబుతో ఒకే క్యారేజీలో అన్నం తిన్న మనిషి అతను.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. నడిసముద్రంలో విదేశీ ముఠా ఓడ ఒకటి లంగరు వేసుకుని ఉంది. అందులో మారుపేరుతో కూలివాడిగా చేరిన చిట్టియ్య మనవాడు. మొగల్తూరు దగ్గర చేపల వేటకెళ్లే కుటుంబం, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. ఓడలో గూఢచారి ఉన్నాడని ముఠాకి తెలిసింది గానీ ఎవరో తెలియదు. చిట్టియ్య ఫోటో వాళ్లకి చేరిందా, మనిషిని సముద్రంలో తోసేస్తారు. సాయంత్రం కోస్ట్ గార్డ్ ఆ ఓడని పట్టుకుంటుంది. అందాకా అతన్ని హెచ్చరించే దారి లేదు.

సూర్యకళ నిరుడు ఆ ముఠా నుంచి ఇటు ఫిరాయించిన మనిషి. నల్లకళ్లజోడు పెట్టుకుని షిఫాన్ చీరలో కారు దిగితే గాంధీనగర్ వీధంతా ఆగి చూసేది. ఫిరాయించిన ఏజెంట్ కాబట్టి గుమ్మం దాటితే వెనకాల డిపార్ట్‌మెంట్ మనిషి ఉంటాడు. చిట్టియ్య ఫైలు కూడా ఆవిడ చూసిందే. ఇక అతని ఫోటో ఆవిడ ముఠాకి పంపాలంటే ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే దారి.

"ఆ మెషిన్ మూగదండి," అన్నాడు సత్యప్రసాద్. "దాన్ని ఫోన్ లైన్‌కి కలిపే మోడెమ్ విండోస్ కోసం చేసింది. మనం వేసింది లినక్స్. దానికి డ్రైవర్ లేదు. స్వయంగా వేసినవాణ్ని, నాకు తెలీదా? నాదీ పూచీ."

"చినబాబు చనిపోకముందూ ఇదే మాటన్నారు," అన్నారు డైరెక్టర్ గారు.

ఆ మాట సత్యప్రసాద్‌కి గుండెల్లో గుచ్చుకుంది. కానీ అబద్ధం చెప్పలేదు కదా. మోడెమ్‌తో మాట్లాడటానికి లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలి. అది లేకపోతే ఫోన్ లైన్ మీద ఒక్క అక్షరం కదలదు. పాపం సూర్యకళకి ఇంటర్నెట్ లేదే అని, డైరెక్టర్ గారికి చెప్పకుండా, మ్యాగజైన్ల సీడీలన్నీ గాలించి ఆ డ్రైవర్ కోసం నెలల తరబడి తిరిగింది కూడా అతనే. దొరకలేదన్న ప్రతిసారీ ఆవిడ నవ్వి, ఫిల్టర్ కాఫీ ఇచ్చి, రేపు మళ్లీ చూద్దురుగాని లెండి అనేది. ఆ 'రేపు' కోసమే అతను వెళ్లేవాడు. పిచ్చి మారాజు!

ఆ మధ్యాహ్నం కంప్యూటర్ మెకానిక్ వేషంలో, భుజాన సంచీతో సూర్యకళ ఇంటి గేటు తీసేసరికి కింది వాటాలో ఇంటి ఓనరు అచ్చాయమ్మ గారు ఎదురొచ్చింది.

"ఇంకా డ్రైవర్ కోసమేనేటి బాబూ? ఆవిడికి దొరికాడండి. మీకు చెప్పలేదా?"

సత్యప్రసాద్ మెట్టు మీదే ఆగిపోయాడు.

"మొన్న చీరలమ్మే ఆవిడొస్తే నేనూ పైకెళ్లానండి. డ్రైవర్ వచ్చేసింది, చెప్పినట్టు పలుకుతోందని సూర్యకళమ్మ ఆ చీరలావిడతో అంటుంటే విన్నాను. మరి మనిషి కనపడడేటండి? మా బుల్లియ్యని పెట్టుకోమని అడుగుదామనుకున్నాను. బండి బాగా తోల్తాడు."

చీరల మూటలో సీడీ వచ్చిందన్నమాట. అయినా సత్యప్రసాద్ మనసు ఒప్పుకోలేదు. పెద్దావిడ ఏదో విని ఏదో అనుకుందేమో. ఒక్క పరీక్ష పెట్టి చూస్తే పోతుంది. సూర్యకళ తప్పు లేకపోతే నష్టమేమీ లేదు. గేటు బయట నిలబడ్డ డిపార్ట్‌మెంట్ మనిషికి కాసేపాగి మెట్ల దగ్గరికి రమ్మని కనుసైగ చేసి మెట్లెక్కాడు.

సూర్యకళ ఎప్పటిలాగే నవ్వింది. ఎప్పటిలాగే కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ తిరిగొచ్చేసరికి అతను లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మార్చేశాడు. పాతది పూర్తిగా తీసేశాడు. ఒక కెర్నల్ కోసం తయారైన మోడెమ్ డ్రైవర్ ఇంకో కెర్నల్‌కి అతకదు. ఆ సంగతి ఆవిడకి ఇంకా నేర్పలేదు.

కాఫీ తాగి, ఇవాళా దొరకలేదండి అని చెప్పి బయటికొచ్చాడు. మెట్ల మలుపులో నిలబడ్డాడు. లోపల ఫోన్ కలుపుతూ మోడెమ్ కీచుమనకూడదని, అసలు ఆవిడ ఆ కుర్చీలో కూర్చోనే కూడదని ఎన్ని దేవుళ్లకి మొక్కుకున్నాడో అతనికే తెలియదు. కుర్చీ జరిగిన చప్పుడు. కీబోర్డు టకటక. ఆగి, మళ్లీ టకటక. మోడెమ్ పలకలేదు. బల్ల మీద గుద్దిన చప్పుడు. లేని డ్రైవర్ పలకలేదని ఎవరూ బల్ల గుద్దరు.

తలుపు తోసుకుని వెళ్లాడు. స్క్రీన్ మీద చిట్టియ్య ఫోటో, దాని కింద ఎర్రర్ మెసేజ్. సూర్యకళ చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"ఏం చేశారండీ దీన్ని?"

"కెర్నల్ మార్చానండి. మీ డ్రైవర్ దీనికి పనిచెయ్యదు."

"పాతది వెయ్యండి. వాళ్లు లైన్లో కాసుకుని ఉన్నారు."

పాత కెర్నల్ ఉన్న సీడీ సంచీలోంచి తీశాడు.

"ఇన్నాళ్లూ నాచేత ఎందుకు వెతికించారండీ? దొరికిన రోజునైనా చెప్పి ఉండాల్సింది."

"మీరు వెతుకుతున్నంతకాలం నన్నెవరు అనుమానిస్తారండీ?" అంది సూర్యకళ. ఇప్పుడు మాత్రం నవ్వలేదు.

చినబాబుని చంపింది సూది కాదు, తన పూచీ. సత్యప్రసాద్ సీడీని ట్రేలో పెట్టబోతున్నట్టు వంగి, చటుక్కున ఆవిడ మణికట్టు మీదికి విసిరాడు. పిస్టల్ పేలింది. గుండు మానిటర్‌లోంచి దూసుకుపోయింది. రెండోసారి నొక్కేలోపు మెట్ల దగ్గరున్న డిపార్ట్‌మెంట్ మనిషి లోపలికి దూకి ఆవిడ చేతులు విరిచిపట్టుకున్నాడు.

పొద్దుగూకే ముందు డైరెక్టర్ గారు ఆ ఇంటికే ఫోన్ చేశారు. ఓడ పట్టుబడింది, చిట్టియ్య క్షేమం. శభాష్ అనలేదావిడ. ఇంటికెళ్లి పడుకోండి అని మాత్రం అన్నారు. చినబాబు సంగతి ఇద్దరూ ఎత్తలేదు. సత్యప్రసాద్ రిసీవర్ పెట్టేసి, తాగిన కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

కిందికి దిగితే గుమ్మంలో అచ్చాయమ్మ గారు, బిక్కచచ్చిన మొహంతో.

"ఏటండి బాబూ, ఆవిణ్ణి జీపులో తీసుకెళ్లిపోయారు? మరి ఆ డ్రైవర్?"

"మానేశాడండి," అన్నాడు సత్యప్రసాద్ సంచీ భుజానికెత్తుకుంటూ. "బండి మారిపోయింది. ఆ బండి తోలడం అతనికి రాదు."

"అదేటండి, మరి మీరు?"

"నాకసలు బండే రాదండి. వెనక సీట్లో కూర్చుని, నేనే తోలుతున్నాననుకున్నాను."