నాలుగుకి మించి వద్దు

పాలు పొయ్యి మీద పెట్టి హాల్లోకి వచ్చిన కోడలికి, తొట్టిలో చేపలన్నీ నీళ్ల పైకి చేరి నోళ్లు తెరుస్తూ కనిపించాయి. అడుగున నల్ల చేప ఒక్కటే పక్కకి ఒరిగి ఉంది. కదలడం లేదు.

భర్త తన చేత్తో వేసినవాటిలో మిగిలింది అదొక్కటే. కిందటేడు లారీ గుద్ది పోయాడు. 'ఈ తొట్టికి నాలుగే. మించితే వాటికి గాలి చాలదు' అనేవాడు, చుట్టాల పిల్లలు ఎంత బతిమాలినా వినేవాడు కాదు. ఇప్పుడందులో ఏడున్నాయి.

"అత్తయ్యా, ఎందుకిన్ని తెచ్చి వేశారు?"

అత్తగారు వచ్చి, నల్ల చేపను చూసి గోడ పట్టుకుంది. "నన్నంటావేం? నువ్వు తేలేదూ?"

"చచ్చినదాని బదులు తెచ్చాను. మీరు చూస్తే మళ్లీ మంచం పడతారని పొద్దున్నే తీసి పారేసి, ఆఫీసు నుంచి వస్తూ తెచ్చేదాన్ని. వచ్చేసరికి ఒకటి తగ్గిందని మీరు ఇంకోటి వేసి ఉండేవారు. చేతిలో ఉన్నదాన్ని ఏం చేయను?"

"మరి ఆ మాట అడగొచ్చుగా?"

"మీరెందుకు అడగలేదు?"

అత్తగారు కుర్చీలో కూలబడింది. ఈ ఏడాదిలో ఇద్దరూ ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు. మనసు విప్పి మాట్లాడుకున్నదీ లేదు, ఆ సంగతి వేరు. వంటింట్లో పాలు పొంగి మాడిన వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

"ఈ తొట్టి ముందు కూర్చున్నప్పుడే నువ్వు కాస్త మనిషిలా ఉండేదానివి. అవి పోతే ఈ ఇంట్లో నీకింకేముందని, పుట్టింటికి వెళ్లిపోతావని భయపడ్డాను. నా భయంతో వాడి చేపను నేనే చంపుకున్నాను."

"మీరొక్కరే కాదులెండి. ఇద్దరం కలిసే చంపాం."



"వాడిదంటూ ఇక ఏమీ లేదమ్మా అందులో. నువ్వు వెళ్లినా నేనేమీ అనుకోను" అంది అత్తగారు.

కోడలు లోపలికి వెళ్లి పొయ్యి ఆపింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో చేపల కోసం నిలవ ఉంచిన నీళ్ల బకెట్ ఉంది.

"రెండు చేపల్ని ఇందులోకి తీద్దాం. కొట్టు తెరవగానే ఇచ్చేసి వద్దాం. నాలుగుకి మించి వద్దన్నారు కదా ఆయన."

"నువ్వు వెళ్లిరా. నేనెందుకు?"

"ఇద్దరం వెళ్దాం అత్తయ్యా. ఎవరికి వాళ్లం వెళ్లబట్టే కదా ఇలా అయింది."

అత్తగారు బకెట్ పట్టుకుంది. నీళ్లు చీర మీద ఒలికాయి. కొడుకు పోయాక కోడలి ఎదుట ఆమె ఏడవడం అదే మొదటిసారి.