లొకేషన్ హైలైట్స్

"సైంటిస్ట్ శాంసన్‌ను చేవెళ్ల దిక్కు ఏడనో దాచిండ్రు. నాలుగింటికి విదేశీ ముఠాకు అమ్ముతరు. జాగ తెలిస్తే చాలు, మన టీమ్ చేవెళ్లలనే ఉన్నది." చీఫ్ దయానందం బ్రీఫింగ్ అంతే.

మూడున్నరకల్లా ఏజెంట్ కృపాకర్ మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో బందీ. వేషం ప్రెజెంటేషన్ డిజైనర్; అమ్మకం అయ్యేదాకా ముఠా వదలదు. కిటికీకి ఇనుప గ్రిల్లు, తలుపుకు బయట నుంచి తాళం, వీపు వెనక కాపలావాడు ఎల్లేశ్ పిస్టల్. ఎదురుగా ముఠా లాప్‌టాప్. అతని ఫోన్ లాక్కున్నారు. వదిలేసింది స్లైడ్లు మార్చే రిమోట్ ఒక్కటే. నొక్కిన ప్రతిసారీ తెర మీదికొచ్చే స్లైడ్ ఫొటో చీఫ్‌కు చేరుతుంది. కానీ ఏ స్లైడ్‌లోనూ శాంసన్‌ను దాచిన చోటు లేదే!

ముఠా నాయకుడు వరప్రసాద్ వచ్చాడు. నిన్నమొన్నటి దాకా శంకర్‌పల్లిలో ప్లాట్లు అమ్మినవాడు. పక్కన నల్లచీరలో అశ్విని, ముఠాకు దుబాసీ, డిపార్ట్‌మెంట్‌కు సొంత మనిషి. కృపాకర్ ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టింది.

"చామంతులు పూసినయా?"

"ఇంకా మొగ్గలే, మేడమ్."

జాడ దొరకలేదని అర్థం. ఆమె రెప్పలు వాలాయి. నీళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి.

వరప్రసాద్ స్లైడ్ చూశాడు. శాంసన్ ఫొటో, కింద ఒకటే వాక్యం.

"గింతేనా?"

"స్లైడ్‌కు ఒక్క మాట చాలన్నా. ఎక్కువ రాస్తే చదువుకుంట కూసుంటరు, మీ మాట వినరు."

"నాకే నేర్పుతవా? నాలుగు వెంచర్లు అమ్మిన! లొకేషన్ హైలైట్స్ ఏవి? అవి లేకుంటె ఎవడు కొంటడు?"

కృపాకర్ కావాలనే మొండికేశాడు. "వద్దన్నా, ఇరుకైతది."

"టైపు కొట్టుమన్నగా! చేవెళ్ల బస్టాండ్‌కు ఏడు నిమిషాలు. షాబాద్ రోడ్డు, నీలం షట్టర్ ఉల్లిగడ్డ గోదాం. బోరు నీళ్లు, ఇరవై నాలుగు గంటల కరెంటు!"

టైపు చేయడం ముగిసేసరికి నాలుగైంది, విదేశీయుడు వచ్చి కూర్చున్నాడు. కృపాకర్ రిమోట్ అందుకోబోయాడు.

"ఇటియ్యి. అమ్మేటోడే నొక్కాలె." వరప్రసాద్ గుంజుకున్నాడు.

పిస్టల్ మెడకు తగిలింది. వరప్రసాద్ మొదటి స్లైడ్ దగ్గరే నిలబడి పావుగంట ఊదరగొట్టాడు. విదేశీయుడు వాచీ చూసుకుని ఏదో అన్నాడు.

"ముందు మనిషిని చూపియ్యాలంట," అంది అశ్విని.

"ఇంకొక్క స్లైడ్ ఉన్నది, ఆగుమను!"

నొక్కాడు. లొకేషన్ హైలైట్స్ తెర మీదికొచ్చాయి.

అశ్విని తెర మీది ప్రతి లైనూ నింపాదిగా అనువదించింది, బోరు నీళ్ల గురించి రెండుసార్లు. తర్వాత వరప్రసాద్ గోదాంకు వీడియో కాల్ కలిపాడు. కట్టేసిన చేతులతో శాంసన్, వ్యాన్ మెట్టు మీద ఒక కాలు. వెనక నీలం షట్టర్ ధడేలున లేచింది. అరుపులు. గోదాంలోని ఫోన్ కింద పడింది.

ఎల్లేశ్ వరప్రసాద్ చేతిలోని ఫోన్ వైపు తల తిప్పాడు. అంతే, అశ్విని హ్యాండ్‌బ్యాగులోని పిస్టల్ అతని కణతకు ఆనింది.

"కదలకు తమ్మీ."

బయట డిపార్ట్‌మెంట్ జీపులు ఆగాయి. ఫోన్లో దయానందం ముఖం కనిపించింది. వెనక శాంసన్ మణికట్లు రుద్దుకుంటున్నాడు.

"స్లైడ్ అందిందా సార్?" అన్నాడు కృపాకర్.

"అందింది గని, అక్షరాలు గంత చిన్నగనా? కండ్లద్దాలు దొరికేసరికి నా పాణం పోయింది."