ఏడు సిరంజీలు

ఆశ్రయగృహం మేట్రన్ డిటెక్టివ్ ఇంటికి వస్తూనే కుర్చీలో కూలబడింది. ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

“రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన పిల్ల పొద్దున పదింటి నుంచి కనబడటం లేదండీ. తనని కొనుక్కుని, గదిలో పెట్టి రెండేళ్లు వ్యాపారం చేసినవాళ్లని గుర్తుపట్టగలిగేది తనొక్కతే. పోలీసులకు చెబితే పారిపోయిందని రాసేసుకుంటారు. కేసు నీరుగారిపోతుంది.”

డిటెక్టివ్ లేచి చెప్పులేసుకుంది. సహాయకుడు ఆవిడ మరిదే, పోస్టాఫీసులో రిటైరైనవాడు. వదిన చేసే ప్రతి పనిలోనూ ఏదో మర్మం ఉంటుందని అతని గట్టి నమ్మకం. చెప్పులేసుకోవడం కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఆ గృహంలో ఎనిమిది మంది ఆడవాళ్లున్నారు. అందరూ అలాంటి గదుల నుంచి బయటపడినవాళ్లే. అందుకే అక్కడి తలుపులకు గడియలు లోపలివైపే ఉంటాయి. ఫైళ్లలో ఫోటో, వయసు తప్ప ఇంకేమీ రాయరు. గతం ఎవరికి వాళ్లు చెప్పుకోవలసిందే, ఇంకొకరు అడగకూడదు.

“వెనక గేటు నేనే తీసి ఉంచానండీ, బట్టల మూటలు వస్తాయని. అంతా నా వల్లే,” అని కుట్టు టీచరు కళ్లొత్తుకుంది.

ఉచితంగా వైద్యం చేస్తానని ఆ రోజు పొద్దునే మొదటిసారి వచ్చిన డాక్టరు, వెతకడానికి సాయపడతానంటూ ఇంకా అక్కడే ఉన్నాడు.

“ఇలాంటివాళ్లు ఒకచోట నిలవరండీ,” అన్నాడు.

“ఆమెను మీరు చూశారా?” అని అడిగింది డిటెక్టివ్.

“ఎప్పుడూ చూడలేదు. నిన్న పంపిన ఫైళ్లు చూసి, సుఖవ్యాధులకు ముందుజాగ్రత్తగా అందరికీ మందులు సిద్ధం చేసుకొచ్చాను, అంతే.”

ఆ పిల్ల మంచం మీద, తలగడ పక్కన చెప్పులున్నాయి.

“అందరూ ఇలాగే పెట్టుకుంటారు,” అంది మేట్రన్. “ఏ క్షణంలో పరుగెత్తాల్సి వస్తుందోనని. ఎంత చెప్పినా మానరు.”

వంటింట్లో ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కుంటారు. మధ్యాహ్నం తిన్నది ఏడుగురు. తడిగా ఉన్న పళ్లాలు ఎనిమిది. డాక్టరు బల్ల మీది ట్రేలో మాత్రం పెన్సిలిన్ నింపిన సిరంజీలు ఏడే ఉన్నాయి. పక్కన ఒక కవరులో వేరే మాత్రలు, దాని మీద ఆ పిల్ల ఫైలు నంబరు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వచ్చాక అందరినీ కుట్టుగదిలో కూర్చోబెట్టింది.

“పారిపోవడానికని దాచుకున్న చెప్పులు వదిలేసి ఎవరూ పారిపోరు. కాబట్టి టీచరుగారూ, మీ గేటు తప్పేమీ లేదు. ఆ పిల్ల పళ్లెం తడిసింది కాబట్టి అన్నం తింది, ఈ ఇంట్లోనే ఉంది. మిగతా ఏడుగురూ దాచారు. ఎవరి నుంచి?”

మరిది పెన్సిలు ఆగిపోయింది.

“డాక్టరుగారూ, ఏడుగురికి సూది, ఒక్కరికి మాత్రలు. ఎందుకని?”

“కొంతమందికి పెన్సిలిన్ పడదు. ప్రాణం మీదకొస్తుంది.”

“ఈమెకు పడదని ఫైల్లో లేదు. మేట్రన్‌కీ తెలియదు. ఎప్పుడూ చూడని మీకెలా తెలిసింది?”

డాక్టరు గుమ్మం వైపు చూశాడు. ఏడుగురిలో పెద్దామె లేచింది.

“ఆ గదిలో ఒకసారి ఈయన సూది వేస్తే చచ్చి బతికిందమ్మా. మర్నాడే మళ్లీ పనికి పనికొస్తుందని వాళ్లకి చెప్పింది కూడా ఈయనేనట. పొద్దున ట్రే సర్దుతుంటే తలుపు సందులోంచి చూసి గుర్తుపట్టింది.”

“ఫోటో చూడగానే పడని మందు గుర్తొచ్చింది మీకు,” అంది డిటెక్టివ్. “సాక్ష్యం చెప్పే మనిషి ఎక్కడ దాక్కుందో తెలుసుకుని వాళ్లకి చేరవేయడానికే ఇంతసేపు కాచుకుని కూర్చున్నారు. ఏళ్ల తరబడి చేసిన వైద్యం కదా, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.”

ఇన్‌స్పెక్టరు అతన్ని తీసుకెళ్లాడు. పెద్దామె చూపించిన బట్టల గది తలుపు కొట్టబోయిన మరిదిని డిటెక్టివ్ ఆపింది.

“వాడు వెళ్లిపోయాడమ్మా. నీకు తీయాలనిపించినప్పుడే గడియ తియ్యి.”

అరగంట గడిచింది. గడియ చప్పుడైంది. ఇరవై ఏళ్లు దాటని పిల్ల ఒట్టి కాళ్లతో వచ్చి నిలబడింది.

“నాతో ఒక్క మాట చెప్పకపోయావా తల్లీ?” అంది మేట్రన్.

“డాక్టరుగారని మీరే గేటు దాకా ఎదురెళ్లారు కదక్కా. నా మాట నమ్ముతారా?”

మేట్రన్ సిగ్గుతో తల దించుకుని, వెళ్లి చెప్పులు తెచ్చి ఆమె పాదాల ముందు పెట్టింది.

పిల్ల వాటిని తొడుక్కుంది.

“రేపు కోర్టు ఎన్నింటికి?” అని అడిగింది.